సమ్మె వంటింట్లో ఐలీ

ఐలీ రంతాలా కూర్చోగా చూసినవాళ్ళు మా ఊళ్ళో లేరు. చర్చిలో కూడా వెనక గోడకి ఆనుకుని నిలబడేది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టగానే కాఫీ పొంగిపోతుందన్న వంకతో కింద వంటింట్లోకి జారుకునేది. తన ఇంటికి ఎవరైనా వస్తే వాళ్ళని కూర్చోబెట్టి, తను మాత్రం స్టవ్‌కీ కిటికీకీ మధ్య కాలు కాలిన పిల్లిలా తిరిగేది. భోజనం కూడా నిలబడే. ఒక చేత్తో చెంచా, ఇంకో చేత్తో ఏదో ఒకటి తుడుస్తూ.

"కాస్త కూర్చోవే తల్లీ! నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అని ఎన్నిసార్లు అన్నానో.

"కూర్చుంటే నడుం పట్టేస్తుంది ఫ్యానీ" అనేది.

ఉత్త అబద్ధం. దాని నడుం ఇనుము. కూర్చుంటే ఆలోచనలు వస్తాయని దాని భయం. అది నాకు తెలుసు, నాకు తెలుసని దానికీ తెలుసు.

ఫ్యానీ అంటే నేనే, ఫ్యానీ జుపాంక్. మా వాళ్ళు స్లొవేనియా నుంచి వచ్చి ఈ ఇనుప గనిలో దిగారు. ఐలీ వాళ్ళు ఫిన్లండ్ నుంచి. ఉత్తర మినెసోటాలో మా ఊరంతా ఇలాంటి కలగాపులగమే. మా అమ్మ పిండి పిసికి సాగదీస్తే బల్ల అంచులు దాటేది. అటు వైపు నుంచి చూస్తే చెయ్యి కనిపించేంత పల్చన. ఆ చేతి వంట తిన్న నోరు నాది. అందుకని డబ్బా సూపంటే మొదట్నుంచీ నాకు చిన్నచూపు. ఐలీకి మాత్రం అదే దేవుడు.

పుట్టగొడుగుల సూపు డబ్బా మూత కోసి, పెనం మీద బోర్లించి, అడుగున అరచేత్తో ఒక్కటి చరిచేది. లోపలి ముద్ద బుళుక్కున జారి, డబ్బా ఆకారంలోనే నిలబడేది. నేను మొహం అటు తిప్పుకునేదాన్ని. ఐలీ దాన్ని గరిటెతో మెదిపి, వేగుతున్న జింక కైమాలో కలిపేది. టొయివో, అంటే దాని మొగుడు, ఆకురాలే కాలంలో కొట్టిన జింక చలికాలమంతా ఫ్రీజర్లో ఉండేది. కైమా మీద బీన్స్, ఆ పైన చక్రాలుగా తరిగిన బంగాళాదుంపలు, ఎండిపోయిన రొట్టె చివర్లు నలిపిన పొడి. ఓవెన్లో పెడితే గంటకి హాట్‌డిష్ తయారు. డబ్బాలో అంటుకున్నది కూడా వదిలేది కాదు. రెండు చెంచాల పాలు పోసి, గిరగిరా తిప్పి, అదీ అందులోనే వంపేది. మిగిలిన కోడికూర ఉంటే సెలెరీ సూపు, అన్నం. ఏమీ లేనిరోజు నూడుల్స్, ట్యూనా డబ్బా. టమాటా సూపు పోసి, దాల్చినచెక్క, ఎండుద్రాక్ష వేసి కేకు కూడా చేసేది. అది మాత్రం బాగుండేది. ఒప్పుకోవాలి.

నీళ్ళు మాత్రం ఒక్క చుక్క పోసేది కాదు.

"డబ్బా మీద పోయమనే కదే రాశారు" అన్నానొకసారి.

"అది తాగేవాళ్ళకి. నీళ్ళు కలిపితే సూపు, కలపకపోతే భోజనం" అంది, అక్కడికి నాకు అక్షరమ్ముక్క రానట్టు.

వాళ్ళమ్మ దుంగలు కొట్టే కూలీల శిబిరంలో వంటమనిషి. ఐలీకి పదో పన్నెండో ఏళ్ళు ఉన్నప్పుడు పోయింది. అప్పటికి చెల్లెలు హెల్మీ ఇంకా పాకుతోంది. తండ్రి తెల్లారకముందే గనిలోకి దిగితే చీకటి పడ్డాక పైకొచ్చేవాడు. ఇంక ఆ పసిదాన్ని సాకింది ఐలీనే. టమాటా సూపులో పాలు కలిపి, రొట్టె నలిపి, చెంచాతో పట్టేది. "దాని ఒంట్లో ఉన్నది నెత్తురు కాదు, నా టమాటా సూపు" అని పెద్దయ్యాక కూడా నలుగురిలో ఏడిపించేది. హెల్మీ సిగ్గుతో ఎర్రబడితే, "చూశారా, రంగు బయటికొచ్చింది" అనేది. ఐలీకి పిల్లలు లేరు. అమ్మా లేదు, నాన్నా పోయాడు. ఉన్న తోబుట్టువు హెల్మీ ఒక్కతే.

హెల్మీ అయొవా నుంచి వచ్చిన రాయిస్ అనేవాణ్ణి చేసుకుంది. పొలం పోగొట్టుకుని గనికి వచ్చిన మనిషి. మెత్తగా మాట్లాడేవాడు, ఎవరి మొహంలోకీ చూసేవాడు కాదు. ఐలీ పట్టుబట్టి తన ఇంటి వెనక సందు దాటితే ఉన్న ఇల్లే వాళ్ళచేత కొనిపించింది. దీని వంటింటి కిటికీలోంచి చూస్తే దాని వంటింటి కిటికీ. శనివారం సాయంత్రం ఐలీ పెరట్లో సౌనా, అంటే ఆవిరిస్నానాల కొట్టు, కాగేది. రాళ్ళ మీద నీళ్ళు చల్లుకుని, ఆవిరి పట్టుకుని, రెండు కుటుంబాలూ ఎర్రటి మొహాలతో బయటికొచ్చి, మంచులో నిలబడి రొప్పుతూ నవ్వుకునేవాళ్ళు.

అలాంటి చోటికి సమ్మె వచ్చింది. డెబ్బైల చివర్లో, మంచి చలికాలం చూసుకుని మరీ.

సమ్మె అంటే మాకు కొత్త కాదు. మా తాతలు చేశారు, మా నాన్నలు చేశారు. గేటు ముందు పీపాల్లో మంట, దాని చుట్టూ మగాళ్ళు, యూనియన్ హాల్లో వంట. వంటింటి పెత్తనం నాకు అప్పగించారు. ఎందుకో చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. నాకు వంట రాదు, పెత్తనం వచ్చు. గొంతు హాలు చివరిదాకా వినిపిస్తుంది. ఎవడైనా రెండోసారి ప్లేటు పట్టుకుని వరసలో దూరితే మెడ పట్టుకుని బయటికి లాగగలను.

పెద్ద ఊళ్ళ యూనియన్లు మాకు లారీలో సరుకు పంపాయి. తలుపు తీసి చూస్తే అన్నీ సూపు పెట్టెలే! ఎక్కువ పుట్టగొడుగులది. నేను తల పట్టుకున్నాను. ఐలీ మాత్రం పెళ్ళికూతురి నగలు చూసినట్టు చూసింది. ఆ రోజు నుంచీ స్టవ్ దానిదే. రైతులిచ్చిన దుంపలు, ఎవరి ఫ్రీజర్లోంచో వచ్చిన జింక తొడలు, మిగిలిన రొట్టె, వీటితో ఆ సూపుని ఏం చేసేదో ఏమో, ఒకరోజు తిన్నట్టు ఇంకోరోజు ఉండేది కాదు.

"ఏంటమ్మా ఐలీ, ఇవాళా పుట్టగొడుగులేనా?" అని అడిగేవాళ్ళు మగాళ్ళు, గడ్డాల్లో మంచు దులుపుకుంటూ.

"కాదు నాయనా, పుట్టగొడుగులు వేషం మార్చుకొచ్చాయి. గుర్తుపడితే ఇంకో గరిటె వేస్తా."

గుర్తుపట్టినా పట్టకపోయినా ఇంకో గరిటె వేసేది. నేను గుడ్లురిమితే అటు తిరిగేది.

అప్పుడు రాయిస్ గేటు దాటి పనిలోకి పోయాడు.

కంపెనీ వ్యాను అద్దాలకి నల్ల కాయితాలు అంటించి, పోలీసుల మధ్య నుంచి లోపలికి వెళ్తుంటే, ఊడిన కాయితం సందులోంచి వెనక సీట్లో టోపీ కళ్ళమీదికి లాక్కున్నవాణ్ణి గుర్తుపట్టింది ఎవరో కాదు, టొయివోనే. అతనే పికెట్ కెప్టెన్, గేటు ముందు కాపలా కాసే మా వాళ్ళకి పెద్ద. సొంత తోడల్లుడు! వ్యాను సాయంత్రం బయటికొచ్చి వీధి చివర దింపినప్పుడు, మా వాళ్ళలో ఒకడు రాయిస్ మొహాన ఉమ్మేశాడు. టొయివో పక్కనే ఉన్నాడు, ఆపలేదు.

రాయిస్ కూతురికి ఉబ్బసం. కంపెనీ బీమా ఆగిపోతే మందులుండవు. అందుకే వెళ్ళాడని తర్వాత తెలిసింది. తెలిస్తే? ఎవరింట్లో లేవండీ కష్టాలు? మా ఆయనకి పళ్ళన్నీ కదిలిపోతుంటే వేడి దుంప ఊదుకుని ఊదుకుని మింగాడుగానీ గేటు దాటాడా? నా కోపం నాకుంది. ఇప్పటికీ ఉంది.

టొయివో ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే, "ఆ మనిషి పేరు ఈ ఇంట్లో వినబడకూడదు" అన్నాడట.

"మరి హెల్మీ పేరు?" అని అడిగిందట ఐలీ.

అతను ఆ బూట్లతోనే మళ్ళీ బయటికెళ్ళిపోయాడు.

ఐలీ సందు దాటి చెల్లెలి దగ్గరికెళ్ళింది. హెల్మీ తలుపు సగమే తీసింది. "నా మొగుడి మొహాన ఉమ్మేస్తుంటే బావ చూస్తూ నిలబడ్డాడు. నువ్వేమో ఆ ఉమ్మినవాడికి వండి పెడుతున్నావు. నా గుమ్మం తొక్కకు అక్కా" అంది. తలుపేసేసింది. ఆ శనివారం సౌనా పొగ ఒక ఇంటికోసమే లేచింది.

ఇంక చూడాలి ఐలీని. అంతకుముందే నిలకడ లేని మనిషి, ఇప్పుడు మరీనూ. కడిగిన గిన్నె మళ్ళీ కడిగేది. దుంపలు తరుగుతూ తరుగుతూ వదిలేసి కిటికీ దగ్గరికి పోయేది. హాలు కిటికీలోంచి చూస్తే హెల్మీ ఇంటి ముందు వరండా కనబడుతుంది. అదొక ఖర్మ. "అక్కడేముందే చూడ్డానికి?" అంటే, "మంచు పడుతోందేమో అని" అనేది. చలికాలంలో ఇక్కడ మంచు పడకపోతే గదా విడ్డూరం!

కొన్నాళ్ళకి రాయిస్ గనిలో ఇనుప నిచ్చెన మీద నుంచి జారాడు. గడ్డకట్టిన మెట్టు. తుంటి దగ్గర ఎముక విరిగింది. డులూత్ ఆసుపత్రిలో ఉంచి, నడుం నుంచి పాదం దాకా పట్టీ వేసి ఇంటికి తెచ్చి పడేశారు.

మా ఊళ్ళో ఎవరింట్లోనైనా కాలు విరిగినా, బిడ్డ పుట్టినా, మనిషి పోయినా, సాయంత్రమయ్యేసరికి వరండా నిండిపోతుంది. హాట్‌డిష్‌లు, హాట్‌డిష్‌లు! లోపల చోటు చాలక మంచులో గుచ్చి పెడతారు. పడనివాళ్ళు కూడా తెస్తారు. తెచ్చి, మాట్లాడకుండా పెట్టి పోతారు. తలుపు కొట్టక్కర్లేదు.

హెల్మీ వరండా మీదికి ఒక్క గిన్నె రాలేదు.

ఐలీ రోజంతా ఆ కిటికీ దగ్గరే. మాటిమాటికీ చేతులు ఏప్రనుకు తుడుచుకుంటూ, "చీకటి పడ్డాక తెస్తారేమో" అంది. పడింది. మర్నాడు పొద్దున, "రాత్రి చలి ఎక్కువగా ఉంది గదా, ఇవాళ తెస్తారేమో" అంది. నేనిక ఊరుకోలేకపోయాను.

"ఎవరూ తేరు ఐలీ. గేటు దాటినవాడి ఇంటికి ఎవరు తెస్తారు? చేసుకున్నాడు, అనుభవిస్తున్నాడు."

"చేసుకున్నది రాయిసు. ఆకలయ్యేది దానికి కూడా గదా" అంది. తర్వాత చాలాసేపు దుంపలు తరిగి, తలెత్తకుండా, "ఫ్యానీ, ఒక్క గిన్నె" అంది.

"కుదరదు. ఈ డబ్బాలు గేటు ముందు నిలబడ్డవాళ్ళవి. నీవీ కాదు, నావీ కాదు."

వాదిస్తుందనుకున్నాను. "నిజమే. వాళ్ళవే" అంది. ఇంట్లో వండి పెడుతుందా అంటే, ఫ్రీజర్లో జింక ఎప్పుడో హాలుకి ఇచ్చేసింది, ఇంట్లో ఉన్నదీ సమ్మె సరుకే. అందరికీ యూనియన్ పంచిందే. అది కూడా ముట్టుకోలేదు. అదీ ఐలీ. దొంగతనం దాని చేతకాదు.

తర్వాత కొన్నాళ్ళు నేను పట్టించుకోలేదు. నాకు వంద పనులు. ఒకరోజు దాని ఏప్రను తాడు చూశాను. ముందు ఒక చుట్టు వచ్చేది, ఇప్పుడు రెండు చుట్లు వచ్చి ముడి కడుపు మీదికి వచ్చింది. మొహం పీక్కుపోయింది. ఇదేం తింటోందా అని ఆలోచిస్తే, అది తినగా చూసి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, ఎవరు గమనిస్తారు? వండినవాళ్ళకి చివర్లో తలా ఒక ప్లేటు వస్తుంది. ఆ రోజు కావాలని కాచుకున్నాను.

అందరం తిన్నాక ఐలీ తన ప్లేటు తీసుకుని వెనక గదిలోకెళ్ళింది. ప్లేటులోదంతా రేకు పళ్ళెంలోకి గీకింది. పైన ఒకటి కప్పి, కోటు కింద పెట్టుకుని, వెనక తలుపులోంచి బయటపడింది. నేనూ వెనకే వెళ్ళాను, సందు మలుపు దాకా. పొద్దు వాలుతోంది. ఐలీ హెల్మీ ఇంటి వెనక మెట్టు మీద పళ్ళెం పెట్టింది. తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి, గబగబా వెనక్కి వచ్చి సందులో నిలబడింది. తలుపు కాస్త తెరుచుకుంది. ఒక చెయ్యి వచ్చి పళ్ళెం తీసుకుంది, నిన్నటి పళ్ళెం కడిగినది మెట్టు మీద పెట్టింది. తలుపు మూసుకుంది.  ఐలీ ఆ మూసిన తలుపు వంక చూస్తూ అక్కడే నిలబడింది. కాళ్ళు మాత్రం ఆగలేదు, మంచులో ఒకచోటే అడుగులు వేస్తూ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. హాల్లోకి రాగానే పట్టుకున్నాను.

"ఎన్నాళ్ళ నుంచే ఈ భాగోతం?"

అదేం బెదరలేదు. "నా ప్లేటు ఫ్యానీ. నా వంతు. డబ్బాల్లోంచి తియ్యలేదు, గిన్నెలోంచి తియ్యలేదు. నా వంతుది నేను తింటే ఏంటి, పారేస్తే ఏంటి?"

"పారేస్తే ఊరుకుంటా. ఆ ద్రోహి కంచంలో పారేస్తే ఊరుకోను! గేటు దగ్గర మనవాళ్ళ వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. సమ్మె కూడు వాడింటికి వెళ్తోందని ఒక్కడికి తెలిస్తే చాలు, రేపు ఈ హాలు రెండు ముక్కలవుతుంది. నీ మొగుడే కెప్టెనాయె!"

"ఆయనకి తెలీదు."

"చెల్లెలేమైనా అందా? నీ తిండి తింటోంది గదా, నోరైనా విప్పిందా?"

ఐలీ ఏప్రను అంచు నలిపింది. "ఏమీ అనలేదు. చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. దాని వేలికి ఉంగరం వదులైపోయింది ఫ్యానీ. ఒక్క మాట అంటే చాలు నాకు. తిట్టినా చాలు. ఈ సమ్మె ఎప్పటికైనా అయిపోతుంది. ఇది ఇట్లా నోరు కట్టేసుకుంటే, రేపు సమ్మె అయిపోయాక కూడా సందు అవతల చెయ్యే మిగులుతుంది. నేనేం చెయ్యను?"

 జవాబు లేనప్పుడు నాకు గొంతు పెరుగుతుంది. "వినండి! రేపట్నుంచి" అని అందరికీ వినబడేట్టు అరిచాను. "ఎవరి ప్లేటైనా సరే, ఇక్కడ బల్ల దగ్గర కూర్చుని తినాలి. తిండి గడప దాటడానికి వీల్లేదు. ఐలీ, నువ్వు స్టవ్ దగ్గరికి రావద్దు. కూర్చుని తిను. నీ వంతు నీ కడుపులోకి పోతేనే నేను ఊరుకునేది."

ఆ నియమం తప్పని నేనిప్పటికీ అనను. అంతమంది కడుపులు నా చేతిలో ఉన్నాయి. ఐలీ కడుపు కూడా.

మర్నాడు గరిటె నేను పట్టుకున్నాను. సూపు పెట్టెలు అంతకంతకీ తగ్గుతున్నాయి. ఐలీ ఇంత చిక్కగా పోస్తోంది గదా, డబ్బాకి డబ్బా నీళ్ళు కలిపితే సగం మిగులుతాయి అనిపించింది. డబ్బా మీద అలాగే ఉంది, నేనేం సొంత తెలివి వాడలేదు. పోశాను. ఓవెన్లోంచి తీసేసరికి బంగాళాదుంపలు పైకి తేలుతున్నాయి, కైమా అడుక్కి పోయింది, మధ్యలో బూడిద రంగు చెరువు.

"ఫ్యానమ్మా, ఇది తినాలా, ఇందులో ఈదాలా?"

"నోర్మూసుకుని ప్లేటు పట్టు!"

ఐలీ బల్ల దగ్గర కూర్చుంది. కూర్చోగా మొదటిసారి చూశాం. చూడలేకపోయాం, నిజం చెప్పొద్దూ. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. మోకాలు మాత్రం బల్ల కింద కొట్టుకుంటూనే ఉంది. బల్ల మీద చెంచాలు గలగలమంటున్నాయి. ప్లేటు ఎదురుగా ఉంది. ముట్టుకోలేదు.

"తినవే."

"తింటా."

తినలేదు. కళ్ళు కిటికీ మీద.

అప్పుడు టొయివో వచ్చాడు, మీసాలకి మంచు వేలాడుతూ. వరసలో నిలబడి, కూర్చున్న పెళ్ళాన్ని చూసి ఆగిపోయాడు. "దానికేమైంది?" అన్నాడు. చెప్పాను. మెల్లగా చెబుదామనే అనుకున్నాను, నా గొంతు సంగతి తెలుసుగా, హాలంతా విన్నది. టొయివో ఐలీ వైపు తిరిగాడు. ఏప్రను తాడు రెండు చుట్లు చూశాడో, ఆ మొహం చూశాడో. ఒకే ఇంట్లో ఉండి అప్పటిదాకా చూడలేదు మహానుభావుడు!

నేను అతని ప్లేటు నింపాను. "కూర్చో" అన్నాను.

"నాకు కూర్చోబుద్ధి కావట్లేదు."

ప్లేటు పట్టుకుని తలుపు వైపు నడిచాడు. వెనక తలుపు కాదు, ముందు తలుపు.

"టొయివో! గడప దాటద్దన్నానా?"

దాటాడు. అందరం కిటికీ దగ్గరికి పరిగెత్తాం. పట్టపగలు, నడివీధిలో, చేతికి కెప్టెన్ పట్టీతో, పొగలు కక్కుతున్న ప్లేటు ముందుకు పట్టుకుని, ఎక్కడ ఒలికిపోతుందోనని చిన్నచిన్న అడుగులు వేస్తూ వెళ్ళాడు. హెల్మీ ముందు వరండా ఎక్కాడు. తలుపు కొట్టాడు. హెల్మీ తీసింది. అతను ప్లేటు ఆమె చేతుల్లో పెట్టాడు.  వెనక్కి తిరిగి వచ్చేశాడు.

 టొయివో స్టవ్ దగ్గర నిలబడి చేతులు కాచుకుంటున్నాడు. వెనక నుంచి ఎవరో, "కెప్టెనే మోసుకెళ్తే ఇంక మనమెందుకు గడ్డకట్టి చావడం?" అన్నారు. అన్నవాడిది తప్పని నేననుకోలేదు. ఐలీ లేవబోయింది. టొయివో చెయ్యి చూపించాడు, కూర్చోమని.

ఎంతోసేపు కాలేదు. ముందు తలుపు దడాలున తెరుచుకుంది. హెల్మీ! కోటు లేదు, కాళ్ళకి ఇంట్లో వేసుకునే గుడ్డ చెప్పులు, అవి మంచులో తడిసి ముద్దయ్యాయి. చేతిలో ఆ ప్లేటే. గేటు దాటినవాడి పెళ్ళాం సమ్మె హాల్లో అడుగుపెడితే ఏమవుతుందో ఆ పిల్లకి తెలియక కాదు. ఆ సమయంలో అవేవీ దానికి పట్టలేదు. తిన్నగా నా దగ్గరికొచ్చింది, స్టవ్ దగ్గర గరిటెతో ఉన్నది నేను గనక.

"అక్కేదీ? అక్కకేమైంది?"

"ఏమవుతుంది? గుండ్రాయిలా ఉంది" అన్నాను.

"అబద్ధం! ఇది అక్క చేసింది కాదు." ప్లేటు నా మొహం మీదికి తెచ్చింది. "ఒక్క చెంచా నోట్లో పెట్టగానే తెలిసింది నాకు. మంచాన పడితే తప్ప అది ఇంకోరికి గరిటెనివ్వదు. బావేమో ముందు తలుపు కొట్టాడు, మొహం చూస్తే శవం లేచినట్టుంది, మాట లేదు. చెప్పు ఫ్యానీ, అక్క ఉందా లేదా?"

"ఒసేయ్" అంది వెనక నుంచి ఐలీ.

హెల్మీ తిరిగింది. ప్లేటు చేతిలోంచి జారింది. నేల మీద పింగాణీ, దుంపలు. ఒక్క ఊపున వెళ్ళి అక్కని పట్టుకుంది. పట్టుకున్నాక గాని దానికి ఆ ఒళ్ళు ఎంత చిక్కిపోయిందో తెలియలేదు. చేతులు వీపు మీద అటూ ఇటూ తడుముకుంది. "ఏంటక్కా ఇది? ఎముకలేంటక్కా? నువ్వు రోజూ పెడుతున్నది నీ…" అని అక్కడ ఆగిపోయింది. గట్టిగా ఏడ్చింది, చిన్నపిల్ల ఏడ్చినట్టు, నోరు పూర్తిగా తెరిచి. హాలు నిండా ఉన్న మగాళ్ళు ఎటు చూడాలో తెలియక చెంచాల వంక చూశారు.

"చెప్పులతో వచ్చావేంటే మంచులో, పిచ్చిమొహమా" అంటోంది ఐలీ.  తన కోటు తీసి చుట్టింది. చుట్టి, తను కూర్చున్న కుర్చీలోనే దాన్ని కూర్చోబెట్టి, ముట్టుకోని తన ప్లేటు దాని ముందుకి జరిపింది.

అప్పుడు నా వైపు చూసింది.

"నీ రూలే ఫ్యానీ. నా వంతు ఈ బల్ల దగ్గర కూర్చుని తినాలన్నావు. తింటుంది. గడప దాటదు."

నేను గరిటె కింద పెట్టేశాను. 

బెంచీలు కిర్రుమన్నాయి. సగం మంది లేచారు. ప్లేట్లు అలాగే వదిలేసి, టోపీలు పెట్టుకుని, ఒకరి వెనక ఒకరు బయటికి వెళ్ళిపోయారు; మా ఆయన కూడా. ఆ సాయంత్రమే టొయివోని చేతి పట్టీ విప్పమన్నారు, అతను విప్పి ఇచ్చాడు. ఆ తర్వాత సమ్మె ముగిసేదాకా మంట దగ్గర చివరన నిలబడ్డాడు, పక్కవాళ్ళు జరిగిపోతే ఒక్కడే. కొందరు అతనితో చచ్చేదాకా మాట్లాడలేదు. నేను ఐలీతో ఎండాకాలం వచ్చేదాకా మాట్లాడలేదు. ఇవన్నీ తర్వాత సంగతులు.

అప్పుడు మాత్రం మిగిలిన సగం మంది కూర్చునే ఉన్నారు. బల్లకి అవతల ముసలి పావో, ఇద్దరు కొడుకుల్ని గేటు దగ్గర నిలబెట్టినవాడు, రాయిస్ పేరెత్తితే నేల మీద ఉమ్మేవాడు, హెల్మీ వంక చూడకుండా ఉప్పు డబ్బా వేలితో దానివైపు జరిపాడు.

ఐలీ కూర్చోలేదు. చెల్లెలి కుర్చీ వెనకే నిలబడి, దాని తడిసిన జుట్టు చెవుల వెనక్కి దోపుతోంది. హెల్మీ ఒక చెంచా తీసుకుంది, మింగింది. ఇంకోటి తీసుకుంది. ముక్కు ఎగబీల్చింది. తల కొంచెం వెనక్కి వంచి, గుసగుసగా అన్నాననుకుంది గాని నాకు స్పష్టంగా వినబడింది.

"నీళ్ళు పోశారక్కా."

"తెలుసు" అంది ఐలీ. "నోర్మూసుకుని తిను."